గ్యాలరీలో కనిపించని కష్టం

తిరుపతి తారకరామ స్టేడియంలోనైనా, విశాఖ క్రికెట్ మైదానంలోనైనా చక్రాల కుర్చీలో వచ్చినవారికి జనం పక్కకు జరిగి దారి ఇస్తారు. రక్తం సరిగా గడ్డకట్టని జబ్బు, హీమోఫీలియా ఉన్న కుర్రాడికి ఆ దారి దొరకదు. చూడ్డానికి బాగానే ఉంటాడు మరి. గేటు దగ్గర గట్టి తోపులాట జరిగితే మాత్రం అతని కీళ్లలో రక్తస్రావం మొదలవ్వచ్చు. ఆటిజం ఉన్న పిల్లల్లో చాలామందికి డప్పుల మోత, లౌడ్‌స్పీకర్ల హోరే పెద్ద గండం.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. తలసేమియా వంటి పైకి కనబడనివీ అందులో ఉన్నాయి.

అదే ఏడాది లండన్ గాట్విక్ విమానాశ్రయంలో, పైకి కనబడని వైకల్యం ఉన్నవారి కోసం పొద్దుతిరుగుడు పువ్వు గుర్తున్న మెడపట్టీ మొదలైంది. అది చూస్తే సిబ్బంది సాయానికి వస్తారు. 2022 ఖతార్ ఫుట్‌బాల్ ప్రపంచకప్‌లో ఆటిజం వంటివి ఉన్నవారు ప్రశాంతంగా ఆట చూసేందుకు ప్రత్యేక గదులు పెట్టారు. బ్రిటన్‌లో సహాయక శునకంతో మ్యాచ్‌కు వచ్చేవారూ ఉన్నారు. ఒంట్లో షుగర్ పడిపోతుంటే వాసనతో పసిగట్టి యజమానిని హెచ్చరించేలా కొన్ని శునకాలకు శిక్షణ ఇస్తారు. స్టేడియంలో వాటికి కావలసింది కాళ్ల దగ్గర కాస్త చోటు, తాగడానికి నీళ్లు.

చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో పోటీలు నిర్వహించేవారు విడిగా ఒక గేటు, ఒక ప్రశాంతమైన మూల, విషయం తెలిసిన వాలంటీరును ఏర్పాటు చేయాలి. పక్క సీటులోని మనిషి ఇబ్బందిగా ఉందంటే, ప్రేక్షకులు రుజువులు అడగకుండా దారి ఇవ్వాలి.