సీలేరు కరెంటు ఎవరి చేతిలో ఉండాలి?

 

ఎగువ సీలేరు 240, దిగువ సీలేరు 460 మెగావాట్లు. రెండూ ప్రభుత్వ సంస్థ జెన్‌కోవి. జలవిద్యుత్తును ప్రైవేటుకు ఇవ్వాలన్న మాట వచ్చినప్పుడు మనం ఏమనాలి?

ప్రభుత్వం కట్టినంత మాత్రాన మనకు న్యాయం జరగలేదు. మాచ్‌ఖండ్ ప్రాజెక్టు కోసం కట్టిన జలాపుట్ జలాశయంలో ఆదివాసీ ఊళ్లు మునిగాయి. అయినా జెన్‌కోను నిలదీయడానికి అసెంబ్లీ ఉంది, సమాచార హక్కు ఉంది. ప్రైవేటు కంపెనీ ముందుగా చూసేది లాభమే. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వడం చెల్లదని 1997లో సమతా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

అందుకే మనం రెండు మాటలు కలిపి అడుగుదాం: జెన్‌కో ప్రజలదిగానే ఉండాలి, అందులో కొలువులు మన పిల్లలకూ రావాలి. 1/70, పెసా చట్టాలు చదవండి. గ్రామసభ తీర్మానాన్ని పెద్దలకు చదివి వినిపించాకే వేలిముద్ర వేయనివ్వండి.