డంక్ ఎందుకు వదిలేశాడు? బెన్ సిమ్మన్స్ ఫ్రీ త్రో కథ

ఈ ఎపిసోడ్‌లో ఒక షాట్ గురించి మాట్లాడుకుందాం. విచిత్రం ఏంటంటే, అది అసలు వెయ్యని షాట్.

2021 జూన్ 20. అమెరికాలో ఆదివారం రాత్రి, మనకు సోమవారం పొద్దున. ఎన్‌బీఏ ప్లేఆఫ్స్, ఈస్టర్న్ కాన్ఫరెన్స్ రెండో రౌండ్. ఫిలడెల్ఫియా సెవెంటీ సిక్సర్స్ ఒకవైపు, అట్లాంటా హాక్స్ ఇంకోవైపు. సిరీస్ 3-3. ఏడో మ్యాచ్, ఓడినవాళ్ళు ఇంటికే. నాలుగో క్వార్టర్‌లో ఇంకా మూడున్నర నిమిషాలు ఉంది. హాక్స్ 88, సిక్సర్స్ 86. సిక్సర్స్ పాయింట్ గార్డ్ బెన్ సిమ్మన్స్ బాల్ తీసుకుని, తనని కాస్తున్న గాలినారిని గిర్రున తిరిగి దాటేశాడు. ఇప్పుడు రింగ్ కిందే ఉన్నాడు. దగ్గరలో ఉన్నది ట్రే యంగ్. సిమ్మన్స్ ఎత్తు 6 అడుగుల 10 అంగుళాలు, ట్రే యంగ్ దాదాపు ముప్పావు అడుగు పొట్టి. ఇంకేముంది, ఎగిరి డంక్ చెయ్యడమే.

చెయ్యలేదు. పక్కనే ఉన్న మాటీస్ థైబుల్‌కి పాస్ ఇచ్చాడు. థైబుల్‌ని ఫౌల్ చేశారు. రెండు ఫ్రీ త్రోలలో ఒకటే పడింది. చివరికి హాక్స్ 103-96తో గెలిచారు.

ఆ క్లిప్ మీరు రీల్స్‌లో చూసే ఉంటారు. కింద నవ్వే ఎమోజీలు, "భయపడ్డాడు" అనే మాటలు. సరే, భయమే అనుకుందాం. కానీ దేనికి భయం? డంక్‌కి కాదు కదా, వందల డంకులు చేసినవాడు. అతను తప్పించుకున్నది ఆ డంక్ తర్వాత రాగల ఒక విజిల్‌ని అని నా అభిప్రాయం. ఎందుకలా అంటున్నానో వివరంగా చెప్తాను.

ముందు బాస్కెట్‌బాల్ కొత్తగా చూసేవాళ్ళ కోసం ఒక ముక్క. పాయింట్ గార్డ్ అంటే టీమ్‌కి స్టీరింగ్ లాంటివాడు. బాల్ పైకి తీసుకొచ్చేది, ఎవరికి ఎప్పుడు ఇవ్వాలో చూసేది అతనే. ఎక్కువసేపు బాల్ అతని చేతిలోనే ఉంటుంది కాబట్టి ఫౌల్స్ కూడా అతని మీద బాగానే పడతాయి. ఫౌల్ అయితే ఫ్రీ త్రో. గీత మీద నిలబడాలి, బోర్డుకి దాదాపు 4.6 మీటర్ల దూరం. రింగ్ 3.05 మీటర్ల ఎత్తు. ఎదురుగా చెయ్యి అడ్డం పెట్టేవాడు ఉండడు. రింగ్ వెడల్పు 45 సెంటీమీటర్లు, బాల్ 24. అంటే దాదాపు రెండు బాల్స్ పట్టేంత చోటు. వినడానికి ఆటలో ఇంతకన్నా తేలికైన షాట్ లేదు. స్టీవ్ నాష్, స్టీఫెన్ కర్రీ లాంటి పాయింట్ గార్డులు వందకి తొంభై పైనే వేశారు.

మరి సిమ్మన్స్ సాధారణ ఆటగాడా అంటే అస్సలు కాదు. మెల్‌బోర్న్‌లో పుట్టాడు. 2016 డ్రాఫ్ట్‌లో మొట్టమొదటి పేరు అతనిదే. 2018లో రూకీ ఆఫ్ ద ఇయర్. మూడుసార్లు ఆల్ స్టార్. 2020లో, 2021లో లీగ్ బెస్ట్ డిఫెండర్ల మొదటి అయిదుగురిలో ఒకడు. ఆ ఎత్తులో అంత వేగంగా పరిగెడుతూ, అంత చక్కగా పాస్ ఇచ్చేవాళ్ళు చాలా అరుదు. ఒక్క దూరం నుంచి షాట్ తప్ప అన్నీ ఉన్నాయి. రెగ్యులర్ సీజన్‌లో అతని మొదటి త్రీ పాయింటర్ పడింది 2019 నవంబర్‌లో. అప్పటికి అది అతని మూడో సీజన్!

ఇక్కడే అసలు పాఠం ఉంది. మన బలాలు చాలా పెద్దవైతే బలహీనతని దాచేస్తాయి. స్కూల్లో, కాలేజీలో అందరికన్నా ఎత్తుగా, వేగంగా ఉన్నవాడు నేరుగా రింగ్ దాకా దూసుకెళ్ళి వేసేయచ్చు. షాట్ నేర్చుకోవాల్సిన అవసరం రాదు. అవసరం వచ్చేసరికి ఇరవై వేలమంది చూస్తుంటారు.

ఇప్పుడు రెండు లెక్కలు పక్కపక్కన పెడతాను చూడండి.

2021 ఫిబ్రవరి 15, యూటా జాజ్ మీద మ్యాచ్. సిమ్మన్స్ 42 పాయింట్లు కొట్టాడు, అతని కెరీర్‌లో అదే ఎక్కువ. ఆ రోజు ఫ్రీ త్రోలు 13కి 12. మళ్ళీ చెప్తున్నా, 13కి 12!

నాలుగు నెలల తర్వాత అదే సంవత్సరం ప్లేఆఫ్స్. మొత్తం 73 ఫ్రీ త్రోలు, పడినవి 25. అంటే 34.2 శాతం. ఒకే ప్లేఆఫ్స్‌లో కనీసం 70 ఫ్రీ త్రోలు వేసినవాళ్ళలో ఎన్‌బీఏ చరిత్రలోనే ఇది అప్పటికి అతి తక్కువ శాతం. హాక్స్ మీద అయిదో మ్యాచ్‌లో అయితే 14కి 4. ఆ మ్యాచ్‌లో సిక్సర్స్ 26 పాయింట్ల ఆధిక్యం పోగొట్టుకుని ఓడిపోయారు.

అదే మనిషి, అదే చెయ్యి, అదే గీత. చేతకాదు అందామంటే 13కి 12 ఎలా పడ్డాయి?

కాస్త లెక్క చేద్దాం, భయపడకండి, చిన్న గుణకారమే. ఆ రెగ్యులర్ సీజన్‌లో అతని ఫ్రీ త్రో 61 శాతం. రెండు ఫ్రీ త్రోలు వేస్తే సగటున 1.2 పాయింట్లు. ఎన్‌బీఏలో ఒక టీమ్ ఒక్కసారి బాల్ పట్టుకుని వెళ్తే వచ్చేది సగటున 1.1 చుట్టూ. అంటే 61 శాతం దగ్గర అతన్ని కావాలని ఫౌల్ చేస్తే ఎదుటి టీమ్‌కి పెద్దగా లాభమే లేదు. గొప్ప షూటర్ కానక్కర్లేదు, ఆ మామూలు శాతం చాలు! అదే 34 శాతం అయితే రెండు ఫ్రీ త్రోలకి 0.68. ఇప్పుడు ఫౌల్ చెయ్యడం ఎదుటివాళ్ళకి బంపర్ ఆఫర్. అందుకే ఆ ప్లేఆఫ్స్‌లో అతన్ని కావాలని పట్టుకుని ఫౌల్ చేశారు. మన క్రికెట్‌లో ఒక బ్యాట్స్‌మన్ షార్ట్ బాల్ ఆడలేడని ఒక్కసారి తెలిస్తే చాలు, ప్రతి టీమూ బౌన్సర్లే వేస్తుంది కదా. అలాగన్నమాట.

ఇక్కడి నుంచి జాగ్రత్తగా వినండి. ఫ్రీ త్రో సమస్య ఫ్రీ త్రో గీత దగ్గర ఆగదు. అది వెనక్కి పాకుతుంది. గీత దగ్గరికి వెళ్ళడం ఇష్టం లేనివాడు ఫౌల్ అవ్వకుండా చూసుకుంటాడు. ఫౌల్ అవ్వకూడదంటే రింగ్ వైపు వెళ్ళకూడదు. ఆ సిరీస్‌లో ఏడు మ్యాచ్‌ల నాలుగో క్వార్టర్లు అన్నీ కలిపితే సిమ్మన్స్ వేసిన షాట్లు 3. అంతే. ఏడో మ్యాచ్ మొత్తంలో 4 షాట్లు, 5 పాయింట్లు. అదే మ్యాచ్‌లో 13 అసిస్టులు, 8 రీబౌండ్లు ఉన్నాయి, అంటే మిగతా ఆట బాగానే ఆడాడు. కానీ షాట్ వెయ్యడని తెలిసినప్పుడు అతన్ని కాసేవాడు రెండడుగులు వెనక్కి జరిగిపోతాడు. వెళ్ళి జోయెల్ ఎంబీడ్ దారిలో నిలబడతాడు. సిమ్మన్స్ భారం అలా ఎంబీడ్ నెత్తిన పడింది. ఒకడి భయానికి అయిదుగురూ చోటు కోల్పోయారు.

కాబట్టి ఆ డంక్ వదిలెయ్యడం ఒక్క క్షణంలో జరిగిన పిచ్చి పని కాదు. కొన్ని వారాలుగా అతని కాళ్ళకి అలవాటైపోయిన దారి.

అయితే "అంతా మైండ్‌లోనే ఉంది" అని తేల్చెయ్యడం కూడా తప్పే. అదే ఫిలడెల్ఫియా టీమ్‌లో మార్కెల్ ఫుల్ట్జ్ అని ఇంకో పాయింట్ గార్డ్ ఉండేవాడు. 2017 డ్రాఫ్ట్‌లో మొదటి పేరు. ప్రో అయిన కొన్నాళ్ళకే షాట్ రూపమే మారిపోయింది. ఫ్రీ త్రో వేసేటప్పుడు చెయ్యి మధ్యలో ఆగి, మళ్ళీ కదిలేది. జనం పడీపడీ నవ్వారు. 2018 డిసెంబర్‌లో డాక్టర్లు చెప్పారు, థొరాసిక్ అవుట్‌లెట్ సిండ్రోమ్ అని. మెడకీ భుజానికీ మధ్య నరాలు నొక్కుకుపోయే సమస్య. అప్పటిదాకా నవ్వినవాళ్ళు ఎవరైనా సారీ చెప్పారా? సిమ్మన్స్ కూడా ఆ ఓటమి తర్వాత ట్రేడ్ అడిగాడు, మానసికంగా ఆడే స్థితిలో లేనన్నాడు, 2021-22 సీజన్ మొత్తం ఆడలేదు. 2022 ఫిబ్రవరిలో బ్రూక్లిన్ నెట్స్‌కి పంపారు. అదే ఏడాది మేలో నడుముకి ఆపరేషన్. 2022-23లో ఫ్రీ త్రో 50 శాతం కూడా దాటలేదు, సగటు 7 పాయింట్లు కూడా లేదు. శరీరమెంత, మనసెంత అని బయట నుంచి మనం కొలవలేం.

కానీ ఒకటి మాత్రం అందరికీ తెలుసు. సిగ్గు. నలుగురూ ఏమనుకుంటారో అనే సిగ్గు. విల్ట్ చాంబర్లెయిన్ పేరు విన్నారా? 1962 మార్చి 2న ఒకే మ్యాచ్‌లో 100 పాయింట్లు కొట్టినాయన. ఫ్రీ త్రోలలో జీవితాంతం వీక్. కానీ ఆ ఒక్క సీజన్‌లో రెండు చేతులతో కింద నుంచి, మోకాళ్ళ దగ్గర నుంచి బాల్ విసిరాడు. 61 శాతం వచ్చింది, అతని కెరీర్ బెస్ట్. ఆ 100 పాయింట్ల రాత్రి 32కి 28 పడ్డాయి. మరి అలాగే కొనసాగించాడా? లేదు, మానేశాడు. అలా వేస్తుంటే చిన్నతనంగా అనిపించిందని, అది తప్పని తెలిసినా మానేశానని తర్వాత తన పుస్తకంలో రాసుకున్నాడు. మళ్ళీ పై నుంచి వేశాడు, ఒక సీజన్‌లో 38 శాతానికి పడిపోయాడు. అదే కింద నుంచి విసిరే పద్ధతిలో రిక్ బారీ అనే ఆయన కెరీర్ అంతా 90 శాతానికి దగ్గరగా వేశాడు. చూశారా, ఒకాయన నవ్వుకి లొంగాడు, ఒకాయన లొంగలేదు.

ఇప్పుడు అదే 2021 ప్లేఆఫ్స్‌లో ఇంకో మనిషిని చూద్దాం. మిల్వాకీ బక్స్ యానిస్ అంటెటోకుంపో. ఇతను పాయింట్ గార్డ్ కాదు, కానీ రోగం అదే. ఆ ప్లేఆఫ్స్‌లో ఇతని ఫ్రీ త్రో కూడా 60 శాతం లోపే. గీత దగ్గర చాలాసేపు తీసుకునేవాడు. ఎన్‌బీఏలో 10 సెకన్లలో వెయ్యాలి. అందుకని ఎదుటి ఊరి జనమంతా వన్, టూ, త్రీ అని గట్టిగా లెక్కపెట్టేవాళ్ళు. ఎంత అవమానం! యానిస్ ఏం చేశాడు? రింగ్ వైపు వెళ్ళడం మానలేదు. మిస్ అయ్యాడు, మళ్ళీ వెళ్ళాడు. ఎయిర్ బాల్ పడింది, మళ్ళీ వెళ్ళాడు. 2021 జూలై 20న ఫైనల్స్ ఆరో మ్యాచ్, ఫీనిక్స్ సన్స్ మీద. 50 పాయింట్లు. ఫ్రీ త్రోలు 19కి 17. మిల్వాకీకి 50 ఏళ్ళ తర్వాత టైటిల్. కాకతాళీయం ఏంటంటే, ఆ రోజు సిమ్మన్స్ 25వ పుట్టినరోజు.

యానిస్ రాత్రికి రాత్రి గొప్ప షూటర్ అయిపోలేదు. తర్వాత కూడా ఫ్రీ త్రోలు బోలెడన్ని మిస్ అయ్యాడు. తేడా అల్లా ఒకటే: పడని చోటికి వెళ్తూనే ఉన్నాడు. వెళ్తూ ఉంటేనే ఒక రోజు 17 పడతాయి.

మరి షాట్ నిజంగా మార్చుకోవచ్చా? మార్చుకోవచ్చు. జేసన్ కిడ్, పాయింట్ గార్డే. మొదట్లో అతని పేరులోంచి జె తీసేసి "ఏసన్" అని ఎగతాళి చేసేవాళ్ళు, ఎందుకంటే జె అంటే జంప్ షాట్, అది అతని దగ్గర లేదని. మొదటి సీజన్‌లో త్రీ పాయింటర్లు 30 శాతం కూడా లేవు. 2013లో రిటైర్ అయ్యేసరికి ఎన్‌బీఏ చరిత్రలో ఎక్కువ త్రీలు వేసినవాళ్ళలో మూడోవాడు. 2011లో డల్లాస్‌తో టైటిల్ గెలిచినప్పుడు వయసు 38. పదిహేనేళ్ళు పైనే పట్టింది, కానీ మారింది.

మన దగ్గర స్కూల్, కాలేజీ కోర్టుల్లో ఆడే వాళ్ళకి నాలుగు మాటలు. ఒకటి, ఫ్రీ త్రోలు ప్రాక్టీస్ మొదట్లో కాదు, చివర్లో, ఆయాసం వస్తున్నప్పుడు వెయ్యండి. మ్యాచ్‌లో వేసేది ఆయాసంలోనే. రెండు, ప్రతిసారీ ఒకటే పద్ధతి. ఎన్నిసార్లు బాల్ కొట్టాలి, ఎప్పుడు ఊపిరి తియ్యాలి, అన్నీ ఒకటే. మన టోర్నమెంట్లలో ఫీబా రూల్స్, గీత దగ్గర 5 సెకన్లే ఉంటుంది, 10 కాదు, గుర్తుపెట్టుకోండి. మూడు, ఫోన్ పక్క నుంచి పెట్టి వీడియో తీసుకోండి, మోచెయ్యి, మోకాలు ఏం చేస్తున్నాయో కనిపిస్తుంది. చేతిలో నొప్పో తిమ్మిరో ఉంటే కోచ్‌కి చెప్పండి, డాక్టర్‌కి చూపించుకోండి. నాలుగు, పడినవే కాదు, వేసినవి కూడా రాసుకోండి. వేసిన సంఖ్య తగ్గుతోందంటే మీరు తప్పించుకోవడం మొదలుపెట్టారని అర్థం. శాతం పడిపోవడం కన్నా అది ప్రమాదం.

ఇంక బెంచ్ మీద కూర్చున్నవాళ్ళకి ఒక్క మాట. మీ టీమ్‌లో ఫ్రీ త్రో పడని అబ్బాయో అమ్మాయో ఉంటే, ఆ మిస్ క్లిప్ గ్రూప్‌లో పెట్టకండి. ప్లీజ్. మీ నవ్వుకి భయపడి వాళ్ళు రేపు షాట్ వెయ్యడం మానేస్తే, ఓడేది వాళ్ళొక్కరే కాదు. గీత దగ్గరికి వెళ్ళేటప్పుడు అరచెయ్యి తట్టండి, మిస్ అయినా తట్టండి. ఎన్‌బీఏలో ప్రతి ఫ్రీ త్రో తర్వాత, పడినా పడకపోయినా, టీమ్‌మేట్స్ వచ్చి చేతులు కలుపుతారు చూశారా? అది ఊరికే చెయ్యరు.

ఈ ఆదివారం కోర్టుకి వెళ్తే యాభై ఫ్రీ త్రోలు వేసి లెక్క రాసుకోండి. ఎన్ని పడ్డాయనేది తర్వాత చూద్దాం, యాభై పూర్తి చెయ్యడం ముఖ్యం. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను ఫ్రెండ్స్.