జ్వరపు ఖర్చు ఎక్కడ మొదలగుచున్నది?

(సికింద్రాబాదులో గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతియందు చేసిన ప్రసంగ పాఠము)



ఈ ఉదయము మీలో పలువురు రైలు దిగిన సికింద్రాబాదు స్టేషనులో తరచుగా ఒక దృశ్యము కనబడుచుండును. దుప్పటి కప్పుకొన్న రోగి, అతనికి ఇరుప్రక్కల ఇద్దరు బంధువులు, చేతిసంచిలో పాత చీటీలు, నడుమున దాచుకొన్న డబ్బు. ఆ డబ్బు వడ్డీకి తెచ్చినదో, ఎద్దులనమ్మి తెచ్చినదో మనము అడుగకయే గ్రహింపవచ్చును. ఎక్కడికి పోవలెనో వారికి తెలియదు. తెలిసినట్లు మాటలాడిన మొదటి మనిషి వెంట పోవుదురు.

వైద్యమునకు ఖర్చు పెట్టవలదని చెప్పుటకు మేము రాలేదు. ప్రాణము మీదికి వచ్చినప్పుడు లెక్కలు చూడరాదు. మేము చెప్పదలచినది, ఆ కుటుంబము రైలెక్కుటకు ముందు నడచిన కథను గూర్చి. దానిలో చాలవరకు మీ గ్రామములో, మీ చేతులలో ఉన్నది.

దీనికి తగిన పాఠము ఈ నగరముననే కలదు. బేగంపేటలో ఒక పాత భవనమున్నది. 1897లో సైనిక వైద్యుడైన రొనాల్డ్ రాస్ అక్కడ మలేరియాను గూర్చి పరిశోధన సాగించెను. చెడుగాలి వలన ఆ జ్వరము వచ్చునని పలువురు నమ్ముచుండిన కాలమది. రాస్ హుసేన్ ఖాన్ అను రోగిని దోమలచేత కరిపించి, కరచిన దోమ ఒక్కింటికి ఒక అణా చొప్పున అతనికి చెల్లించెను. ఆ దోమలను కోసి సూక్ష్మదర్శినితో పరీక్షించి, ఆగస్టు 20వ తేదీన ఒక దోమ కడుపు గోడలో మలేరియా క్రిమిని కనుగొనెను. 1902లో ఆయనకు నోబెల్ బహుమానము లభించెను. దోమకాటుకు డబ్బు పుచ్చుకొను భాగ్యము ఆ హుసేన్ ఖానుకు దక్కినది. మనమందరము దోమకాటుకు డబ్బిచ్చుకొనుచున్నాము.

ఇచ్చుట మానవలెనన్నచో దోమ ఎక్కడ పుట్టుచున్నదో చూడవలెను. గుడ్డు నుండి రెక్కల దోమ వెడలుటకు సుమారు వారము, పది దినములు పట్టును. వారమునకొకసారి నీటిపాత్రలను ఖాళీ చేయుడని ఆరోగ్యశాఖ చెప్పుట ఇందువలననే. డెంగ్యూ దోమ మురుగు కాలువకన్న ఇంటిలోని మంచినీటినే కోరును. సిమెంటు తొట్టి, డ్రమ్ము, కూలరు, పాత టైరు, కొబ్బరిచిప్ప దానికి చాలును. దాని గుడ్లు తొట్టి గోడకు అంటుకొని, నీరు ఎండినను నెలల తరబడి చావక యుండును. కనుక నీరు పారబోసిన మాత్రమున చాలదు. పీచుతో గోడలను రుద్ది కడుగవలెను.

ఇక్కడ గృహిణుల తప్పుకన్న మన తప్పే ఎక్కువ. కుళాయి నీరు నాలుగు దినములకొకసారి వదలు ఊరిలో ఏ తల్లియు డ్రమ్ము ఖాళీ చేయదు, చేయుమని చెప్పుటయు న్యాయము కాదు. మోటారు చెడినది, పైపు పగిలినది, బిల్లు మంజూరు కాలేదు అని పంచాయతీ జాగు చేసిన ప్రతి వారమును ఇంటింట తొట్లలో దోమగా లేచుచున్నది. నీటి సరఫరా క్రమముగా నడుచుట కూడ జ్వరనివారణ పనియే. పొగయంత్రము ఎగురుచున్న దోమను చంపునుగాని తొట్టిలోని పురుగును చంపదు. అయినను మన సభ్యులకు దానిపైననే మక్కువ. పొగ ఊరందరికిని కనబడును, కడిగించిన తొట్టి ఎవరికిని కనబడదు. ఈ మాటకు కోపగింపకుడు.

ఇక జ్వరము రానే వచ్చినదనుకొందము. మొదటి దినమున ఒక సూది, ఒక సెలైను సీసా, పేరు తెలియని మాత్రలు. మూడవ దినమున మరియొకచోట మరల అవియే. పరీక్ష మాత్రము జరుగలేదు! మలేరియా పరీక్ష, మందులు ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో ఉచితము. మలేరియాలో వైవాక్స్ అను రకమునకు పద్నాలుగు దినములు వాడవలసిన మందు కలదు. మూడవనాటికి జ్వరము తగ్గినదని మానివేసినచో, కాలేయములో దాగిన క్రిమి వారములకో నెలలకో మరల లేచును. అప్పుడు మరల కూలి పోవును, మరల అప్పు.

డెంగ్యూలో ప్లేట్‌లెట్ల అంకెను చూచి కుటుంబములు హడలిపోవుచున్నవి. రక్తస్రావము లేనప్పుడు ఆ సంఖ్య పదివేలకు దిగువకు పడినగాని ఎక్కింపవలసిన అవసరము సాధారణముగా ఉండదు, నిర్ణయము వైద్యునిదే. పారాసెటమాల్, తగినంత ద్రవాహారము ముఖ్యము. ఆస్పిరిన్, బ్రూఫెన్ వంటివి ఈయరాదు. అయితే జ్వరము తగ్గుచున్న సమయముననే కడుపునొప్పి, ఆగని వాంతులు, రక్తస్రావము, మగత కనబడినచో డబ్బు మాట తలపక 108కి ఫోను చేయవలెను.

నగరమునకు రాక తప్పనివారికి రెండు మాటలు చెప్పి పంపుడు. 1851లో చిన్న వైద్యశాలగా మొదలైన గాంధీ ఆసుపత్రి, స్టేషనుకు చేరువనున్న పాత స్థలము వదలి 2003లో ముషీరాబాదుకు తరలెను. పాత గుర్తులతో వచ్చువారు దారి తప్పకుందురుగాక. రెండవది ఆరోగ్యశ్రీ. 2007లో ప్రారంభమైన ఈ పథకపు పరిమితిని తెలంగాణలో 2023 డిసెంబరు 9న కుటుంబమునకు ఏటా 10 లక్షల రూపాయలకు పెంచిరి. అది జాబితాలోని చికిత్సలకు, జాబితాలోని ఆసుపత్రులలోనే వర్తించును. కావున డబ్బు కట్టకముందే అక్కడి ఆరోగ్యమిత్రను అడుగవలెను. క్రొత్త కోడలి పేరు, పసిబిడ్డ పేరు కార్డులో చేరలేదని ఆసుపత్రి కిటికీవద్ద తెలియుట కన్న, గ్రామసభలోనే తెలియుట మేలు కదా!

ఇప్పుడు మీ మీ ఊళ్ళలో కుళాయి నీరు ఎన్ని దినములకొకసారి వచ్చుచున్నదో ఒక్కొక్కరుగా చెప్పుడు. వ్రాసికొందుము. ఎక్కువ దినములు పట్టు ఊరినుండి చర్చ మొదలుపెట్టుదము.