పెండ్లికి ముందు చూడవలసిన పద్దు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో గావించిన ప్రసంగ పాఠము)

  

నేను పండితుడను కాను. వైద్యుడను అంతకంటెను కాను. ఊరి లెక్కలు వ్రాసికొనుచు, ఈ గ్రంథాలయపు బల్లల వద్ద కూర్చుండి నాలుగక్షరములు నేర్చినవాడను. కార్యదర్శిగారు నన్ను కావ్యములను గూర్చి మాటాడుమనిరి. క్షమింపుడు. నేడు నా యింటి పద్దు నొకదానిని మీ ముందు విప్పదలచితిని.

నా చెల్లెలిని మా మేనమామ కుమారునకే యిచ్చితిమి. జాతకములు చూచి, సరిపోయినవని చెప్పినవాడను నేనే. వారికి గలిగిన బిడ్డడు ఆరవ నెలనుండియే పాలిపోజొచ్చెను. దిష్టి యనిరి, బాలగ్రహమనిరి. పట్టణమున రక్తము పరీక్షింపగా థలసీమియా యని తేలినది. నాటినుండి మూడు వారముల కొకసారి రక్తమెక్కించుటకై బస్సెక్కుటయే వారి బ్రతుకైనది. అట్లెక్కించిన రక్తములోని యినుము గుండెయందును, కాలేయమునందును పేరుకొనును. తొమ్మిదవ యేట బాలుడు మమ్ము విడిచిపోయెను.

ఇది యెవరి పాపఫలమును కాదు, లెక్క. రక్తమును కూర్చు బీజలక్షణమునకు మనయందు రెండు ప్రతులుండును: తండ్రి యిచ్చిన దొకటి, తల్లి యిచ్చిన దొకటి. ఒకదానియందు తప్పున్నను రెండవది సరిగా నున్నచో మనుజుడు ఆరోగ్యముగనే యుండును. అతడు వాహకుడు మాత్రమే. వాహకు లిరువురు దంపతులైనచో ప్రతి కాన్పునందును నాలుగింట నొక పాలు వ్యాధి, రెండు పాళ్లు వాహకత్వము, ఒక పాలు నిర్దోషము. మొదటి బిడ్డకు వచ్చినది గనుక రెండవ బిడ్డకు రాదనుట చెల్లని లెక్క.

చరకసంహిత శారీరస్థానమున బీజదోషముల ప్రస్తావన గలదు. అందు రెండవ యధ్యాయమునకు పేరే అతుల్యగోత్రీయము. కాని గోత్రము తండ్రి వైపు ఖాతాను మాత్రమే చూపును. మేనరికమున గోత్రములు వేరైనను, ఒకరి మాతామహుడే మరొకరి పితామహుడు. ఒకే తప్పు ఇరువైపులనుండియు వచ్చి కలియుట కట్టి చోట అవకాశము హెచ్చు.

సైప్రస్ ద్వీపమున సుమారు ఏడుగురిలో నొకరు వాహకులు. అచట 1983 నుండి చర్చి వివాహమునకు ముందు పరీక్షాపత్రమును కోరుచున్నది. పెండ్లిండ్లు ఆగలేదు, గర్భస్థ పరీక్షల సాయమున వ్యాధితో పుట్టు శిశువులు మాత్రము దాదాపు లేకపోయిరి. మన దేశమున నేటికిని ఏటేట సుమారు 10,000 మంది పుట్టుచున్నారు.

ఉమ్మి పంపినచో ఆయుర్దాయము చెప్పుదుమను ప్రకటనలు నేడు పెక్కు. ఆయువును అట్లు లెక్కగట్టజాలరు. నేను చెప్పు పరీక్ష అట్టిది కాదు. కొద్దిపాటి రక్తమున హిమోగ్లోబిన్ ఏ2 పాలు కొలుతురు. అది నూటికి 3.5ను మించినచో సాధారణముగా వాహకుడని యెరుగుదురు. సందేహమున్న చోట డీఎన్‌ఏ పరీక్ష తీర్చును.

నిరుడు మా పెద్దవానికి సంబంధము కుదిరినపుడు ఈ పరీక్ష చేయించితిని. వాడు వాహకుడని తేలినది. నేనును చేయించుకొంటిని, తప్పుప్రతి నానుండియే పోయినది. దాచుమని బంధువులనిరి. ముప్పదియేండ్లు లెక్కలు వ్రాసిన చేయి ఒక పద్దును దాచుట కొప్పలేదు. వియ్యంకులవారికి చెప్పితిని. వారు రెండు దినములు ఆలోచించి అమ్మాయికి పరీక్ష చేయించిరి. ఆమె నిర్దోషి. ఇక వారి బిడ్డలకు వాహకత్వము రావచ్చునే గాని వ్యాధి భయము లేదు. పెండ్లి జరిగినది.

కావున నా మనవి రెండే మాటలు. ఈ గ్రంథాలయపు వాకిట ఏడాదికొక దినము పరీక్షా శిబిరము నడుపుదము. ఎవరి చీటీ వారికే అందవలయును. వాహకురాలని యే పిల్లనైనను తక్కువచేసి చూడకుందము. ఆమె వలెనే నేనును వాహకుడను, మీ యెదుట నిలిచియున్నాను. జాతకచక్రముల ప్రక్కన ఆ చీటీని గూడ నుంచుడు. నాడు నాకది చూడవలెనని తెలియదు. నేడు మీకు తెలిసినది.