గండికోటలో తెల్లవారింది



మీరు ఊరు దాటి చివరిసారి ఎప్పుడు పోయారు? పెళ్లికి పోయుంటారు. కాన్పుకు పుట్టింటికి పోయుంటారు. ఆసుపత్రికి పోయుంటారు. మొక్కు తీర్చుకోవడానికి కొండకు పోయుంటారు. ఏ పనీ లేకుండా, ఊరికే కళ్లారా చూసి రావడానికి ఎప్పుడైనా పోయారా?

అట్లా పోయొచ్చిన ఒక కుటుంబం గురించి ఈ రోజు చెప్పుకుందాం.

వాళ్లది కడప జిల్లా. ప్రొద్దుటూరు దగ్గర ఒక పల్లె. ఇంట్లో ఐదుగురు. అమ్మ కూలి పనికి పోతుంది. నాయన నాపరాళ్ల గనిలో పని చేస్తాడు. అవ్వకు మోకాళ్ల నొప్పులు. ఒక కంటికి ఆపరేషన్ అయింది. రెండో కంటికి ఇంకా కాలేదు. కూతురు తొమ్మిదో తరగతి. కొడుక్కు ఏడేళ్లు.

గండికోట వాళ్లకు పెద్ద దూరం కాదు. హైదరాబాదు నుంచి, బెంగుళూరు నుంచి జనం కార్లు వేసుకొని వచ్చి చూసిపోతారు. వీళ్లు మాత్రం ఒక్కసారి కూడా చూడలేదు. ఇంటి పక్కన ఉన్నదాన్ని చూడాలని ఎవరికి తోస్తుంది?

సంక్రాంతి సెలవుల్లో కూతురు పట్టు పట్టింది. "గండికోటలో సూర్యుడు పుట్టేది చూడల్ల నాయనా! లోయలోకి దిగల్ల!"

నాయన నవ్వాడు. "ఏడాది పొడుగునా రాళ్లు కొట్టేవాణ్ణి. పండగ పూట కూడా రాళ్లే చూడల్లనా?"

అమ్మ అప్పటికి ఏమీ అనలేదు. రాత్రి అన్నం పెట్టేటప్పుడు లెక్క చెప్పింది. "నాకు టికెట్ లేదు. అత్తకు లేదు. పాపకు లేదు. నీకు ఒక టికెట్టు, పిల్లోడికి అర టికెట్టు. జమ్మలమడుగులో మా చెల్లెలు ఉంది. రాత్రికి ఆడ పండుకుంటాం. పొద్దున మరిది ఆటోలో తీసుకపోతాడు. ఇంకేం ఖర్చు?"

ఆమె లెక్క సరైనదే. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ డబ్బులు లేవు. ఆధార్ కార్డు చూపిస్తే చాలు.

"కనుమ నాడు కాకైనా కదలదు. మరునాడు పోదాం" అంది అవ్వ. అవ్వ కూడా బయలుదేరుతుందని అప్పటిదాకా ఎవరూ అనుకోలేదు!

జమ్మలమడుగు నుంచి గండికోటకు 15 కిలోమీటర్లు. తెల్లవారుజామున ఐదుకే ఆటో కదిలింది. మంచు, చలి. పిల్లోడు అవ్వ దుప్పట్లో దూరి నిద్రపోయాడు. కోట వాకిలి దాటి లోపలికి పోయారు. లోపల చిన్న ఊరు ఉంది. ఇప్పటికీ జనం కాపురం ఉన్నారు. ఒక పక్క మసీదు. దాని పక్కన పెద్ద ధాన్యం కొట్టు. ఇంకో పక్క మాధవరాయస్వామి గుడి. పెమ్మసాని నాయకులు ఏలిన కోట ఇది. గోల్కొండ సేనాని మీర్ జుమ్లా దీన్ని పట్టుకున్నాడు. 1652లో ఫ్రాన్సు దేశపు రత్నాల వ్యాపారి టావెర్నియే ఇక్కడికి వచ్చాడు. కోట గురించి పుస్తకంలో రాశాడు. రాజుల కథ మరోసారి చెప్పుకోవచ్చు. వీళ్లు వచ్చింది పొద్దు పొడిచేది చూడడానికి.

బండల మీద మెల్లగా నడిచి లోయ అంచుకు చేరారు. అక్కడ కమ్మీ లేదు, గోడ లేదు. బండ అయిపోయిన చోట లోయ మొదలవుతుంది. అమ్మ పిల్లోడి చెయ్యి గట్టిగా పట్టుకుంది. అంచుకు పది అడుగుల ఇవతలే అందరినీ కూర్చోబెట్టింది. కొందరు కుర్రవాళ్లు అంచున నిలబడి ఫోటోలు దిగుతున్నారు. వాళ్లను చూస్తేనే ఆమె కడుపులో తిప్పింది.

మొదట తూర్పు ఎర్రబడింది. ఆరూ ముక్కాలు కావస్తుండగా సూర్యుడు కనిపించాడు. ఎదురుగా ఉన్న కొండ కొస మీద వెలుగు పడింది. ఆ రాయి అప్పటిదాకా నల్లగా ఉండింది. ఇప్పుడు కుంకుమ రంగుకు తిరిగింది. వెలుగు ఒక్కో మెట్టూ దిగినట్టు కిందికి జారింది. పైన తెల్లారింది. కింద ఏట్లో ఇంకా తెల్లారలేదు!

"కింద ఉండే చేపలకు ఇంకా రాత్రేనా?" అని అడిగాడు పిల్లోడు. ఎవరూ జవాబు చెప్పలేదు. అందరూ వెలుగునే చూస్తున్నారు. రోజూ పొద్దు పొడవక ముందే లేచే మనుషులు వాళ్లు. కానీ కూర్చొని చూసింది ఆ రోజే.

గండి అంటే ఏమిటో మీకు తెలుసు. చెరువు కట్ట తెగితే గండి పడింది అంటాం. ఇక్కడ కొండకే గండి పడింది. ఆ గండి మీద కట్టిన కోట కాబట్టి గండికోట. కొండల పేరు ఎర్రమల. ఏరు పెన్న. పెన్న కర్ణాటకలో నంది కొండల దగ్గర పుడుతుంది. 597 కిలోమీటర్లు నడిచి నెల్లూరు జిల్లాలో సముద్రంలో కలుస్తుంది. దారిలో ఈ కొండలను కోసుకుంటూ పోయింది. లోయ లోతు మూడు వందల అడుగుల దాకా ఉంటుంది.

నీళ్లు రాతిని కోస్తాయా అని మీరు అడగవచ్చు. పాత చేదబావి గట్టు రాయిని గుర్తు తెచ్చుకోండి. చేంతాడు ఒరుసుకొని ఒరుసుకొని రాతిలో గాడి పడి ఉంటుంది. తాడు మెత్తనిది, రాయి గట్టిది. అయినా గాడి పడింది. ఏటి నీళ్లలో ఇసుక, గులకరాళ్లు కొట్టుకొస్తాయి. అవి ఆకురాయి పెట్టినట్టు అడుగును అరగదీస్తాయి. ఒక ఏడాదిలో వెంట్రుక వాసి కూడా అరగదు. కానీ లక్షల ఏళ్లు గడిచాయి. దీన్ని అమెరికాలోని గ్రాండ్ కాన్యన్‌తో పోలుస్తారు. ఆ లోయ చాలా పెద్దది, మైలు లోతు. అయినా పోలిక ఎందుకు? పెన్న చేసిన పని పెన్నదే.

ఎండ కొంచెం పైకి వచ్చింది. నాయన, చిన్నాయన లోయలోకి దిగడానికి లేచారు. "ఆడోళ్లు ఇక్కడ్నే కూచోండి. మేము పోయొస్తాం" అన్నాడు నాయన.

"నేనూ దిగుతా" అంది అమ్మ.

"చీరతో ఎట్ల దిగుతావు?"

"చీరతోనే గదా కయ్యలో దిగేది?"

అవ్వ మనవణ్ణి దగ్గరికి లాక్కుంది. "పోనీరా. పిల్లోణ్ణి నేను చూసుకుంటా" అంది కొడుకుతో. ఇక నాయన మాట్లాడలేదు.

దారి అంటే దారి కాదు. పెద్ద పెద్ద రాళ్లు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. కొన్ని కాలు పెడితే కదులుతాయి. అమ్మ జారే చెప్పులు విడిచి చేతిలో పట్టుకుంది. ముందు కాలితో రాయిని తొక్కి చూసేది. కదలకపోతేనే బరువు మోపేది. కూతురుకు కూడా అట్లాగే చెప్పింది. రెండు సీసాల నీళ్లు, కాసిని వేయించిన శనక్కాయలు సంచిలో ఉన్నాయి. మీరు ఎప్పుడైనా పోతే మాత్రం చెప్పులతో పోకండి. పట్టు ఉన్న బూట్లు మేలు. ఎండాకాలంలో అసలే పోకండి. ఆ బండలు పెనంలా కాలుతాయి.

కిందికి వచ్చేసరికి నీళ్లు నిలకడగా, పచ్చగా ఉన్నాయి. నాయన చొక్కా విప్పాడు. "చిన్నప్పుడు పెన్నేట్లో ఈత కొట్టినోణ్ణి" అన్నాడు మరిదితో.

అక్కడ ఒక రేకు ఉంది. అక్షరాలు సగం చెరిగిపోయాయి. నాయన దాన్ని చూడకుండానే దాటిపోయాడు. అమ్మ ఆగింది. కూడబలుక్కొని చదివింది. "లో...తు. ఈ...త. రాదు." మధ్యలో మాటలు లేవు. అయినా సంగతి తెలిసిపోయింది.

"దిగొద్దు" అంది.

"నీకేం తెలుసు?"

"లోతు అని రాసుంది. ఈత రాదు అని రాసుంది."

"నాకు ఈత వచ్చులే!" అని చిన్నాయన నవ్వాడు. అమ్మ నవ్వలేదు. నిజానికి ఆ రేకు లేకపోయినా ఆమె దిగనిచ్చేది కాదు. వాళ్ల ఊరి దగ్గర ఏట్లో ఇసుక తవ్విన గుంతలో ఒక పిల్లోడు మునిగిపోయాడు. అదీ అందరూ ఎరిగిన ఏట్లోనే. ఇక్కడ ఎగువన గండికోట జలాశయం ఉంది. దిగువన మైలవరం జలాశయం ఉంది. పైన నీళ్లు వదిలితే మట్టం పెరుగుతుంది. ఇది వాళ్లు చిన్నప్పుడు చూసిన మోకాటి లోతు పెన్న కాదు.

ఆమె పోయి నీళ్లకూ మొగుడికీ మధ్య నిలబడింది. మాట్లాడలేదు. కదల్లేదు. నాయన కాసేపు చూశాడు. చొక్కా మళ్లీ తొడుక్కున్నాడు. కోపంగా పోయి ఒక రాతి మీద కూర్చున్నాడు.

కూతురు వాళ్లిద్దరినీ చూసి ఏం మాట్లాడాలో తెలియక పక్కనున్న బండను చూసింది. "అమా! ఇట్ల రా!"

బండ మీద అలలు ఉన్నాయి. రాతిలోనే వరసగా సన్నని గీతలు, ఒకటి ఎత్తు, ఒకటి పల్లం. అమ్మ వంగి చూసింది. "ఇది ఏటి ఇసుక" అంది. "నీళ్లు తీసినాక ఇసుక మీద ఇట్లనే ఉంటాది."

నాయన కోపం మరిచి లేచి వచ్చాడు. రాయిని గులకరాయితో కొట్టి చూశాడు. ఖంగుమంది. "పొరలు ఉన్నాయి గానీ, ఇది మా నాపరాయి కాదు. ఇంత గట్టి రాయి నా సుత్తికి లొంగదు" అన్నాడు.

ఇద్దరూ చెప్పింది నిజమే. దీన్ని కొందరు గ్రానైట్ అంటారు. కాదు. నీళ్ల అడుగున ఇసుక పొరలు పొరలుగా పేరుకుంది. పైబరువుకు, వేడికి బిగిసి రాయి అయింది. ఇట్లాంటి రాయిని శాస్త్రవేత్తలు క్వార్ట్‌జైట్ అంటారు. ఆ ఇసుక పేరుకొని సుమారు వంద కోట్ల ఏళ్లు అయింది. ఇంకా ఎక్కువే కావచ్చు. ఏనాటివో అలలు ఇసుక మీద గీసిన గీతలు రాతిలో నిలిచిపోయాయి.

ఎక్కడం దిగడం కంటే కష్టం. మధ్యలో మూడుసార్లు ఆగారు. నాయన సంచి తీసి తన భుజాన వేసుకున్నాడు. అమ్మ అడగలేదు.

పైన అవ్వ ఎదురు చూస్తోంది. "ఏం చూసినారు?" అని అడిగింది.

"రాతిలో ఇసుక గీతలు ఉన్నాయి అవ్వా! నీళ్లు గీసినవి!"

"నాకు కండ్లు కనపడవని ఏమైనా చెప్తావు."

మనవరాలు ఊరుకోలేదు. పైన కూడా వెతికింది. కొంచెం దూరంలో అట్లాంటి బండే దొరికింది. అవ్వ చెయ్యి పట్టుకొని నడిపించింది. అవ్వ మోకాళ్లు పట్టుకొని కూర్చుంది. వేళ్లతో గీతలు తడిమింది.

"చెలమ తవ్వేటప్పుడు ఇట్లనే ఉంటాయి. చెయ్యి తగిల్తే చెరిగిపోతాయి" అంది. అరచేత్తో గట్టిగా రుద్దింది. చెరగలేదు.

"ఎన్నేండ్లయింది?"

"చిన్నాయన ఫోన్లో చూసినా. వంద కోట్ల ఏండ్లు అవ్వా."

"అప్పుడు ఎవరుండిరి?"

"ఎవరూ లేరు. చెట్టు లేదు. పక్షి లేదు. నీళ్లు, ఇసుక, గాలి. అంతే."

"బస్సు పోతాది, లేమ్మా" అని నాయన పిలిచాడు.

"ఇంకో బస్సు ఉంటాదిలేరా" అంది అవ్వ. పక్క బండ మీదికి చెయ్యి జరిపింది.