కొండ కింద కాపురం

(గత ఉగాదినాటి సాయంకాలం మన సంఘం సభలో చేసిన ప్రసంగం)



నేను ఉపన్యాసకుణ్ణి కాను. మెట్రిక్ వరకు చదువుకొని, రైల్వే ఇంజనీరింగు ఆఫీసులో గ్యాంగుల హాజరుపట్టీలు రాసుకొనే గుమాస్తాను. "పండుగ పూట నీ ఉద్యోగంలో కనిపించిన సంగతి ఏదైనా చెప్పవోయ్" అని కార్యదర్శిగారు అన్నారు గనుక సాహసించి నిలుచున్నాను. తప్పులుంటే పెద్దలు మన్నించాలి.

ఈ ఉదయం మనమంతా వేపపూత పచ్చడి తిని పంచాంగ శ్రవణం విన్నాము. ఆదాయ వ్యయాలు అయినాక శాస్త్రులుగారు వాన సంగతి చదివారు. పంచాంగంలో వానను భాగాలుగా పంచుతారు గదా. ఇన్ని భాగాలు సముద్రము మీద, ఇన్ని పర్వతముల మీద, ఇన్ని భూమి మీద అని. సముద్రం వాటాతో మనకు పని లేదు. భూమి వాటా ఎంతో చెవులు రిక్కించి వింటాము, పంటలకు చాలునా అని. పర్వతాల వాటా ఎవరికీ పట్టదు. కాని ఆ వాటా కింద కూడా కాపురాలు ఉన్నాయి. వారిని గురించే ఈవేళ నాలుగు మాటలు చెబుతాను.

మనం వచ్చి స్థిరపడ్డ ఈ మహారాష్ట్రంలోని సంగతులే చూడండి. పుణె జిల్లా ఆంబేగావ్ తాలూకాలో మాళిణ్ అనే గిరిజన గ్రామం ఉండేది. 2014 జూలై 30 ఉదయం కొండ విరిగి ఊరి మీద పడింది. 150 మందికి పైగా పోయారు. లోకానికి ఆ సంగతి మొదట తెలిపినవాడు అటుగా వచ్చిన ఎస్.టి. బస్సు డ్రైవరు. రోజూ కనిపించే ఊరు కనిపించక అతను నిర్ఘాంతపోయాడు. 2021 జూలై 22న రాయగఢ్ జిల్లా మహాడ్ తాలూకా తళియేలో 80 మందికి పైగా పోయారు. 2023 జూలై 19 రాత్రి అదే జిల్లాలో ఇర్శాళ్‌గఢ్ కోట కింద ఉన్న ఇర్శాళ్‌వాడి మీద కొండ పడింది. మోటారు వెళ్లే దారి లేని ఊరు అది. 27 శవాలు దొరికాయి. 57 మంది దొరకనే లేదు. నాలుగు రోజులకు వెతకడం ఆపివేశారు.

ఇటువంటి వార్త వచ్చినప్పుడల్లా ఆఫీసులోనూ లోకల్ బండిలోనూ ఒకే మాట వినపడుతుంది. "అసలు వాళ్లు అక్కడెందుకు ఉండాలండీ? కళ్లెదుట కొండ కనిపించడం లేదా?" దాచుకోవడం దేనికి, నేనూ ఆ మాట అన్నవాణ్ణే. నా చేత ఆ మాట మాన్పించినది మా అక్క.

మా అక్కా బావా ముంబయి తూర్పు శివార్లలో ఒక గుట్ట వాలు మీది బస్తీలో ఉంటారు. ఒక్క గది. వెనుక గోడకూ గుట్టకూ మధ్య మనిషి పక్కకు తిరిగి నడిచేటంత సందు. 2021 జూలై 18న చెంబూరులోనూ విఖ్రోలీలోనూ వాలుల కింద ఇళ్లు కూలి సుమారు ముప్పై మంది చనిపోయిన తరువాత నేను ఉండబట్టలేక వెళ్లాను. "అక్కా, ఈ గది వదిలెయ్యి" అన్నాను. ఆమె పొయ్యి మీద టీ దించుతూ, "వదిలేస్తానురా తమ్ముడూ. కింద రోడ్డు పక్క గదికి అద్దె ఎంతో కనుక్కొన్నావా? ప్రతి నెలా నువ్విస్తావా?" అన్నది. నాకు నోట మాట రాలేదు.

కాసేపాగి ఆమే చెప్పింది. "కొండ సంగతి నాకు తెలియదనుకొంటున్నావా? వాన రాత్రుళ్లు నేను వెనుక గోడ వైపు తలపెట్టి పడుకోను. పిల్లల్ని గుమ్మం దగ్గర పడుకోబెడతాను. వాన వెలిసినాక కూడా ఊటనీళ్లు బురదగా వస్తే మీ బావను నిద్ర లేపుతాను. తలుపు ఉన్నట్టుండి బిగుసుకొన్నా, గచ్చు మీద కొత్త బీట కనిపించినా చూసుకొంటాను. కొండ పడితే పడుతుంది, పడకపోతే లేదు. అద్దె బాకీ పడితే మాత్రం వచ్చే నెలకే రోడ్డు మీద పడతాము."

ఆ రాత్రి తిరుగు బండిలో నాకు తోచినది ఇది. కొండ కింద ఉన్నవారికి భయం లేక కాదు, తెలియక కాదు. వారు రెండు ప్రమాదాలను తూచుకొంటున్నారు. ఒకటి ఎప్పుడో రావచ్చును. ఇంకొకటి నెల నెలా వచ్చేది. మనకు మొదటిదే కనిపిస్తుంది. వారు రెండవదాని కింద బ్రతుకుతున్నారు. పల్లెలోనైతే అద్దె చోట పొలం ఉంటుంది. చెలమ, మేకలు, కులదైవం గుడి ఉంటాయి. అన్నం పెట్టిన కొండను శత్రువుగా చూడడానికి మనసు ఒప్పదు. "మా తాతల నాటి నుంచి పడలేదు" అన్న మాట ఇక్కడి నుంచే వస్తుంది.

కాని ఆ మాటలోనే మోసం ఉన్నది. తాతల నాటి కొండ వేరు, నేటి కొండ వేరు. సహ్యాద్రి కొండల్లో చాలాచోట్ల కింద నల్లరాయి, పైన నాని మెత్తబడే మట్టి. వాన ఇంకిన కొద్దీ మట్టి బరువెక్కుతుంది. రేణువుల మధ్య చేరిన నీరు వాటి పట్టును సడలిస్తుంది. దానికి తోడు ఇంటి కోసమో రోడ్డు కోసమో పొలం కోసమో మనం కొండ పాదాన్ని కోస్తాము. కాలువలు పూడుస్తాము. చెట్లు కొడతాము. ఇర్శాళ్‌వాడి దగ్గర విపత్తుకు ముందు మూడు రోజుల్లో 499 మిల్లీమీటర్ల వాన పడ్డదని ప్రభుత్వం శాసనసభలో చెప్పింది. ఆ నీరు పారకుండా నిలిచి ఉంటే మోకాలి లోతు ఉండేది. అంత నీటిని తాతగారి కొండ ఎన్నిసార్లు మోసిందో ఎవరు లెక్క పెట్టారు?

ఇక రక్షణ ఏర్పాట్ల సంగతి. మూడు రకాలవి మనకు కనిపిస్తాయి.

మొదటిది జాబితా. ప్రమాదమున్న ఊళ్లను గుర్తించడం మంచిదే. కాని ఇర్శాళ్‌వాడి ఆ జాబితాలోనే లేదు. పేరు లేని ఊరివారు "మాకేమీ లేదు" అనుకొంటారు. పేరున్న బస్తీవారికి ప్రతి జూన్‌లో నోటీసు వస్తుంది. ఖాళీ చేయండి అంటుంది, ఎక్కడికి పోవాలో చెప్పదు. ఏటేటా వచ్చి ఏమీ జరగకపోయేసరికి ఆ కాగితం గోడకు అంటించిన పాత సినిమా పోస్టరుతో సమానమవుతుంది.

రెండవది గోడ. గోడ కడితే జనానికి ధైర్యం వస్తుంది. ఆ ధైర్యంతో గోడ కిందనే మరి నాలుగు గదులు లేస్తాయి. గోడ వెనుక నీరు బయటికి పోవడానికి రంధ్రాలు ఉన్నాయా, అవి పూడిపోయాయా అని అడిగేవారుండరు. నీరు నిండిన గోడ తానే ప్రమాదమవుతుంది.

మూడవది ఊరు మార్చడం. మాళిణ్‌లో మిగిలినవారికి 2017లో కొత్త ఊరు కట్టి ఇచ్చారు. ఆ ఏడు మొదటి వానలకే అక్కడ రోడ్లు బీటలు వారాయి. ఒకసారి మట్టి కింద తమవారిని పోగొట్టుకొన్నవారికి ఆ బీట ఎట్లా కనిపించి ఉంటుందో ఊహించుకోండి. ఏర్పాటు చేయడం ఒక పని. దాని మీద నమ్మకం నిలబెట్టడం ఇంకొక పని.

ఈ సంగతి మన స్వస్థలానికీ కొత్త కాదు. విజయవాడలో కొండల మీద మెట్లెక్కి వెళ్లే ఇళ్లలో మన బంధువులు ఎందరు లేరు! 2020లో ఇంద్రకీలాద్రి మీద కొండచరియలు పడ్డాయి. 2024 ఆగస్టు 31న మొగల్రాజపురంలో ఇళ్ల మీద బండలు దొర్లి ప్రాణాలు పోయాయి.

మరి దారి ఏమిటి? నాకు తెలిసిన దారి రైలుదారి ఒక్కటే, దాన్ని గురించే చెబుతాను.

కర్జత్ - లోణావళా మధ్య భోర్ ఘాట్‌లో 1863 నుంచి బండ్లు నడుస్తున్నాయి. అక్కడి కొండను రైల్వేవారు ఒక్క ఏడు కూడా నమ్మలేదు. వానలకు ముందు హిల్ గ్యాంగువారు కొండనెక్కి వదులైన బండలను వెతికి తామే కిందికి దించుతారు. వానకాలంలో రాత్రింబగళ్లు గస్తీవారు నడుస్తారు. చేతిలో దీపం, ఎర్రజెండా, బండిని ఆపడానికి పట్టాల మీద పెట్టే పటాకులు. వారి హాజరు రాసేది నావంటివాడే. ఒక వృద్ధ గ్యాంగ్‌మన్‌ను ఒకసారి అడిగాను, "ఇన్నేళ్లు నడిచావు గదా బాబా, ఎన్నిసార్లు బండి ఆపవలసి వచ్చింది?" అని. "రెండుసార్లు సాబ్" అన్నాడు. ముప్పై వానకాలాలు, రెండుసార్లు! మిగిలిన రాత్రులు వృథా అని అతను అనుకోలేదు. మా ఆఫీసూ అనుకోలేదు. జీతం తగ్గించలేదు.

కొంకణ్ రైల్వే ఈ పాఠాన్ని ప్రాణాలిచ్చి నేర్చుకొన్నది. 2003 జూన్ 22 రాత్రి వైభవ్‌వాడి దగ్గర పట్టాల మీద పడ్డ బండలను బండి గుద్దుకొని సుమారు 50 మంది మరణించారు. మరుసటి ఏడు జూన్ 16న కరంజాడి దగ్గర మళ్లీ అటువంటిదే జరిగింది. ఆ తరువాత కటింగుల మీద వలలు వేశారు. ప్రమాదమున్న చోట్ల కాపలాలు పెట్టారు. వానకాలంలో వేగం తగ్గించి వేరే టైం టేబిల్ నడుపుతున్నారు. స్టేషన్లలో వాన కొలిచే యంత్రాలు పెట్టారు. 2024 జూలై 14న దివాణ్‌ఖవటీ దగ్గర మట్టి జారి పట్టాల మీద పడింది. దాదాపు ఒక రోజంతా బండ్లు ఆగిపోయాయి. ప్రయాణికులు విసుక్కొన్నారు. కాని ఒక్క ప్రాణం కూడా పోలేదు.

దీన్నిబట్టి నేను గ్రహించినది ఒక్కటి. "ఈ కొండ పడుతుందా, పడదా?" అని వాదించుకొంటూ కూర్చుంటే తేలదు. "పడిన పూట దాని కింద మనుషులు ఉండకుండా చేయడమెట్లా?" అని అడిగితే చేయవలసిన పని కనిపిస్తుంది.

ఈ మాటే మా అక్క బస్తీలో చెప్పాను. అద్దె ఇవ్వలేనివాణ్ణి, ఆ మాత్రమైనా చేయాలి గదా. పది ఇళ్లవారు కూర్చున్నారు. నిలువు గోడల గాజు సీసా ఒకటి ఆరుబయట పెట్టారు. పైనా కిందా వెడల్పు ఒకటే ఉన్న పాత్ర అయితే, అందులో నిలిచిన నీటి ఎత్తే వాన లెక్క. వాతావరణశాఖవారు 24 గంటల్లో 115 మిల్లీమీటర్లు దాటితే అతి భారీ వాన అంటారు. అక్కడ ఎర్రదారం కట్టారు. ఏ కొండకైనా ఇదే సరియైన గుర్తు అని నేను చెప్పను. తెలిసిన ఇంజనీర్లు చెబితే దాన్ని దించాలి. నీరు దారం అందితే, లేదా ఊట బురదగా మారితే, ఎవరినీ అడగకుండా పిల్లలు, ముసలివారు రోడ్డవతల బడికి చేరాలి. తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలో, రాత్రి సీసా చూసే వంతు ఎవరిదో ముందే రాసుకొన్నారు. రేషను కార్డు, పిల్లల సర్టిఫికెట్లు ఒక సంచిలో గుమ్మం పక్క మేకుకు తగిలించారు.

2024 జూలైలో ఒక రాత్రి నీరు దారం దాటింది. అందరూ బడికి వెళ్లారు. తెల్లవారింది. కొండ పడలేదు. బావకు నిద్ర చాలక పని పోగొట్టుకొని రోజుకూలీ నష్టపోయాడు. బస్తీలో కొందరు నవ్వారు. రెండవసారి దారం దాటినప్పుడు పది ఇళ్లలో ఆరు ఇళ్లవారే వెళ్లారు. మా అక్క వెళ్లింది. బావ వెళ్లలేదు.

అక్క ఫోనులో ఈ సంగతి చెప్పి ఏడ్చింది. గస్తీ మనిషికి ఊరకే నడిచిన రాత్రికి కూడా జీతం ఉన్నది. మా బావకు ఊరకే బడిలో పడుకొన్న రాత్రికి కూలి పోయింది. రైల్వేకూ బస్తీకీ తేడా అక్కడ ఉన్నది. అందుకని ఈ సభాముఖంగా ఒక మనవి. వాలుల మీద గదులున్న కుటుంబాలు మన సంఘంలోనూ ఉన్నాయి. వారిని "ఎందుకున్నారు?" అని అడగకండి. వాన రాత్రి మీ ఇంట పడుకోమని పిలవండి. మన సంఘం హాలు తాళం ఆ నాలుగు నెలలూ వారికి అందుబాటులో ఉంచుదాము. మరునాడు కూలి పోయినవారికి చేతనైనది ఇద్దాము. తెల్లవారి కొండ పడలేదని ఎవరూ నవ్వకూడదు. ఆ నవ్వు వల్లనే మూడవసారి ఇంట్లో ఉండిపోతారు.

వచ్చే ఉగాదికి శాస్త్రులుగారు పర్వతాల వాటా చదివినప్పుడు, మా అక్కనూ బావనూ ఇద్దరినీ పక్కన కూర్చోబెట్టుకొని వినాలని నా కోరిక. మీ అందరి ఇళ్లలోనూ అట్లాగే జరగాలని కోరుతూ సెలవు తీసుకొంటున్నాను.