గ్రంథము ముగించిన గర్వము



కవిత్రయమువారి ఆంధ్ర మహాభారతమును గతమాసమున చదివి ముగించితిని. ఆ రాత్రి నాకు కలిగిన గర్వమును మీయెదుట దాచను.

మొదట నన్నయగారి దీర్ఘసమాసములకు వెఱచి రెండుమారులు పుస్తకము మూసివేసితిని. కాని, 11వ శతాబ్దమున నన్నయ ఆరంభించిన ఆ గ్రంథము, 13వ శతాబ్దమున తిక్కన 15 పర్వములు రచింపగా, 14వ శతాబ్దమున ఎఱ్ఱన అరణ్యపర్వ శేషమును పూరింపగా సంపూర్ణమైనది. వ్రాయుటకే అంతకాలము పట్టినదానిని చదువుటకు నాకు తొందర యేల? దినమునకు 15 పద్యముల చొప్పున 4 సంవత్సరములు చదివితిని.

పొరుగింటి అవ్వకు అక్షరములు రావు. ప్రతిరాత్రి మా అరుగుపై కూర్చుండి వినెడిది. ఒకనాడు నేను తప్పుగా చెప్పిన కథను ఆమెయే దిద్దినది. ఈ గర్వమున ఆమెకును సగము పాలు కలదు.

1960 నాటి గ్రంథాలయ చట్టము ననుసరించి ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయ సుంకమును మీ పంచాయతీలే వసూలు చేయుచున్నవి. చదువురాని అవ్వ ఇంటినుండియు ఆ సొమ్ము వచ్చుచున్నది. కావున మీ గ్రంథాలయమునుండి పెద్ద గ్రంథమొకటి ఎన్నుకొని, సాయంకాలము పదిమందికి చదివి వినిపింపుడు. ముగించిననాడు ఊరంతయు గర్వించును.